ఎదురెక్కిన ఆయిల్

సంక్రాంతికి వారం ముందు ఒక సాయంత్రం బాబాయ్ ఫోన్ చేశాడు. "మీ నాన్న కారు ధాన్యంలోకి ఎక్కించాడు రా," అన్నాడు.

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: కోతలయ్యాక మా వైపు రోడ్లన్నీ కళ్ళాలే. తారురోడ్డు మీద సగం మేర బరకాలు పరిచి ధాన్యం ఆరబోస్తారు. బళ్ళు ఎక్కకుండా అంచు పొడుగునా రాళ్ళు పేరుస్తారు. నాన్న ఆ రాళ్ళమీంచి పోనిచ్చి, రెండు బస్తాల ధాన్యం టైర్ల కింద తొక్కించి, కుప్ప మొదట్లో ఆగాడు. ఎదురుగా గేదెలు అడ్డమొచ్చాయట. ఎవరికీ ఏమీ కాలేదు. ధాన్యం గలాయన తెలిసినవాడే, డబ్బులిస్తే పుచ్చుకోలేదు. ఆయనతో నాన్న "బ్రేకు పడలేదు" అన్నాడట. ఇంటికొచ్చి అమ్మతో మాత్రం గేదెల సంగతి ఒక్కటే చెప్పాడు.

ఫోన్ పెట్టేసేముందు బాబాయ్ గొంతు తగ్గించాడు. "కాలు సరిగ్గా ఆనట్లేదేమో రా. షుగర్ కదా. నువ్వొచ్చి మాట్లాడు."

నాన్నకి 68. కారు 2003 నాటిది, డీజిల్. పదిహేనేళ్ళు నిండాక ఒకసారి, మళ్ళీ అయిదేళ్ళకి ఇంకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించి మరీ నడుపుతున్నాడు. కంపెనీ పేరు చెప్పను. ఇక్కడ జరిగినదాంట్లో తప్పేదైనా ఉంటే అది కంపెనీది కాదు, ఇరవై ఏళ్ళది. ఆ రాత్రే నేను హైదరాబాద్‌లో కూర్చుని, దసరాకి తీసిన కారు ఫోటోలు వెతికి, పాత బళ్ళు అమ్మే యాప్‌లో పెట్టేశాను. నాన్నని అడగలేదు. పొద్దున్నకల్లా ఇద్దరు ఫోన్ చేశారు. ఒకడు రేటు కూడా చెప్పాడు. కొడుకులు తీసుకునే మంచి నిర్ణయాలు చాలావరకు ఇలాగే ఉంటాయి, అవతలి మనిషికి తెలియకుండా.

*

"బ్రేకు పడలేదు" అనే మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మా కథంతా అక్కడే దారి తప్పింది.

తెలుగు సినిమాలో బ్రేకులు ఫెయిలవడమంటే ఒకటే సీను. విలన్ మనిషి బండి కింద దూరి పైపు కోస్తాడు. హీరో తండ్రి ఘాట్ రోడ్డు మీద పెడల్‌ని టపటపా తొక్కుతాడు. అది మెత్తగా, అడ్డూ ఆపూ లేకుండా కిందదాకా పోతుంది. బ్రేకు పైపుల్లో ద్రవం లేకపోయినా, మాస్టర్ సిలిండర్‌లో రబ్బర్లు అరిగినా జరిగేది అది. రెండో రకం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పెడల్ కిందకి పోదు. రాయిలా నిలబడుతుంది. బండి ఆగుతుంది, కానీ రోజూ వేసే బలానికి మూడు నాలుగు రెట్లు వెయ్యాలి. జబ్బులు రెండూ వేరు, మందులు వేరు. మాట మాత్రం మనకి ఒక్కటే: బ్రేకు పడలేదు.

మా దగ్గర టౌన్లో మెకానిక్ ఆ మాట విని, సహజంగానే, మాస్టర్ సిలిండర్ విప్పి కిట్ మార్చాడు. "ఎలా ఉందండీ?" అని అడిగితే నాన్న ఒక రౌండు వేసొచ్చి "బాగానే ఉంది" అన్నాడట. బాగోలేదు. అది బాగోలేదని తెలిసీ నాన్న అలా ఎందుకన్నాడో నాకు నెల తర్వాతగానీ అర్థం కాలేదు.

ఫిబ్రవరిలో నేను ఊరెళ్ళాను. కారు గురించి మాట్లాడాలని, అంటే కారు మానేయమని చెప్పాలని. మొదటిరోజు ఆ ఊసెత్తలేదు. రెండోరోజు పొద్దున్నే నాన్న బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ చేసే పని, సంధ్యావందనంలాగా. "ఆయిల్ తగ్గుతోంది రా," అన్నాడు. "కింద చుక్క పడట్లేదు. పొగ చూస్తే నీలంగా రావట్లేదు. ఎటు పోతోందో మరి."

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. పదకొండేళ్ళుగా నా ఉద్యోగంలో సగం, ఎటో పోతున్నది ఎటు పోతోందో వెతకడమే. మెమరీ పోతుంటుంది, డేటా పోతుంటుంది, ఒక్కోసారి జనం నమ్మకం పోతుంటుంది. అందుకని కారు అమ్మించడానికి వచ్చినవాణ్ణి కాసేపు ఆ పని మర్చిపోయి ఇంజన్ మీదకి వంగాను. బ్రేక్ బూస్టర్‌కి వెళ్ళే నల్ల రబ్బరు గొట్టాన్ని పట్టుకుంటే మెత్తగా, ఉడికిన వంకాయలా ఉంది. క్లిప్ వదులు చేసి లాగాను. లోపల పొడిగా ఉండాలి. అందులో తిరిగేది గాలి, నిజానికి గాలి లేకపోవడం. చూపుడువేలు పెట్టి తీస్తే నల్లగా జిడ్డు.

ఇక్కడ మళ్ళీ భాష అడ్డమొచ్చింది. మెకానిక్‌కి ఫోన్ చేసి "బూస్టర్ గొట్టంలో ఆయిల్ ఉంది" అంటే, "అదే అండీ, బ్రేక్ ఆయిల్. మాస్టర్ సిలిండర్ వెనక సీలు కారి బూస్టర్‌లోకి దిగుంటుంది, మార్చేశాంగా, పాతది మిగిలుంటుంది" అన్నాడు. తెలివితక్కువ మాట కాదు, అలా జరుగుతుంది కూడా. కానీ మన వాడుకలో ఇంజన్‌లో పోసేదీ ఆయిలే, బ్రేకులో పోసేదీ ఆయిలే, మా ఊళ్ళో డీజిల్ కూడా ఆయిలే. బోదెలోంచి చేలోకి నీళ్ళు తోడేది ఆయిల్ ఇంజన్. మూడు ద్రవాలకీ ఒక పేరు పెట్టుకుంటే, ఏది ఎక్కడికి చేరిందో మాటల్లో తేల్చడం కష్టం.

మాటల్లో తేలనిది గ్లాసులో తేలింది. రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్ళు తీసుకుని, ఒకదాంట్లో సీసాలోని కొత్త బ్రేక్ ఆయిల్ నాలుగు చుక్కలు, రెండోదాంట్లో గొట్టంలోంచి తీసిన జిడ్డు వేశాను. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది. గాలిలో తేమని కూడా అది పీల్చుకునేది అందుకే. మొదటి గ్లాసులో వేలితో తిప్పితే కలిసిపోయింది. రెండోదాంట్లో నల్లటి కళ్ళు తేలాయి. అంటే ఇంజన్ ఆయిల్. డీజిల్ మసితో నల్లబడ్డది. అమ్మ వచ్చి, ఆ గ్లాసులు ఇంక వంటింట్లోకి తేవద్దని చెప్పి వెళ్ళింది.

*

ఇంజన్ ఆయిల్ బ్రేకుల్లోకి ఎలా వస్తుంది? ఇది అర్థం కావాలంటే బూస్టర్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. నాకు ఇష్టమైన భాగం కూడా ఇదే.

బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు గోడకి ఆనుకుని, రెండు బేసిన్లు ఎదురెదురుగా బోర్లించి అంటించినట్టు ఒక నల్ల రేకు డబ్బా ఉంటుంది. మధ్యలో రబ్బరు పొర. పొరకి రెండువైపులా గాలి తోడేసి ఉంచుతారు. మనం పెడల్ తొక్కగానే కాలివైపు గదిలోకి మాత్రం బయటి గాలి వస్తుంది. అంతే, ఒకవైపు గాలి, రెండోవైపు శూన్యం. సముద్రమట్టం దగ్గర గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఇంచుమించు ఒక కిలో బరువు మోపుతుంది. తొమ్మిది అంగుళాల పొరంటే 400 చదరపు సెంటీమీటర్ల పైన. లెక్కకి 300 కిలోల పైచిలుకు తోపు. మనం కాలు ఆనిస్తే చాలు, ఆపేది మనం పీల్చుకునే ఈ గాలే. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు చదివి, ఈ ముక్క ముప్పై అయిదేళ్ళ వయసులో మా వాకిట్లో అర్థం చేసుకున్నాను.

పెట్రోల్ ఇంజన్‌కి గాలి వచ్చే దారిలో థ్రాటిల్ రేకు అడ్డం ఉంటుంది కాబట్టి దాని వెనక శూన్యం దానంతటదే పుడుతుంది. అక్కణ్ణుంచి ఒక గొట్టం లాక్కుంటే బూస్టర్‌కి సరిపోతుంది. పాత డీజిల్ ఇంజన్లకి ఆ రేకు లేదు. గాలి ఎంత పడితే అంత లోపలికి పోతుంది, వేగాన్ని అదుపు చేసేది డీజిల్ మోతాదు. అందుకని శూన్యం కోసం వేరే పంపు పెట్టాలి. ఆ తరం డీజిల్ బళ్ళు మన దగ్గర చాలావాటిలో ఈ వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వీపున తగిలించి ఉంటుంది, ఇద్దరికీ ఇరుసు ఒకటే. పంపు లోపల ఒక గుండ్రటి గది, దాంట్లో మధ్యకి కాకుండా పక్కకి జరిపి పెట్టిన రోటర్, రోటర్ గాడుల్లో జారే రెక్కలు. రెక్కలు అరగకూడదు, సందులు ఉండకూడదు. అందుకు ఆయిల్ కావాలి. ఒక సన్నటి పైపు ఇంజన్ నుంచి ఆయిల్ తెస్తుంది. ఒక లావుపాటి పైపు ఆ ఆయిల్‌నీ, బూస్టర్ నుంచి పీల్చిన గాలినీ కలిపి తిరిగి సంపులోకి వదులుతుంది.

అంటే ఆయిలూ శూన్యమూ పుట్టుకతోనే ఇరుగుపొరుగు. బెంజ్‌వాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. 1976లో వచ్చిన వాళ్ళ డబ్ల్యూ123 డీజిల్ కార్లలో ఇంజన్‌ని ఆపేది కూడా వాక్యూమే. సెంట్రల్ లాకింగ్ ఉంటే తలుపు తాళాలు నడిపేదీ అదే. ఆ వ్యవస్థలో లీకు పడితే తాళంచెవి తీసేసినా ఇంజన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పంపో, షటాఫ్ వాల్వో చెడితే తలుపు తాళాలకి వెళ్ళే గొట్టాల దాకా నల్ల ఆయిల్ పాకుతుంది. తలుపులో ఆయిల్ కనిపిస్తే తలుపు విప్పేవాడు పాపం రోజంతా తలుపే విప్పుతాడు.

రెండు రాత్రులు ఇవన్నీ చదివి నేనొక సిద్ధాంతం తయారుచేసుకున్నాను: పంపు పోయింది. రెక్కలు అరిగి, సీలు చెడి, ఆయిల్‌ని బూస్టర్‌లోకి తోస్తోంది. పంపు మార్చాలి. నాన్నకి చెబితే తల ఊపి, "సరే, బెజవాడ తీసుకెళ్దాం. డైనమో పని అక్కడే చేస్తారు," అన్నాడు.

*

చల్లపల్లి వైపునుంచి విజయవాడ 60 కిలోమీటర్లకి అటూ ఇటూ. కారు నాన్నే నడిపాడు. నాకు లైసెన్సు ఉందిగానీ, గేరు బండి ముట్టుకుని ఆరేళ్ళైంది. హైదరాబాద్‌లో మెట్రో, లేకపోతే క్యాబ్. బ్రేకు బాగోలేని కారు తోలుకెళ్ళడం తెలివైన పని కాదని తెలుసు. మెకానిక్‌నే ఇక్కడికి పిలిపిద్దామన్నాను. నాన్న వినలేదు. కూచిపూడి దాటాక చూశాను, నలభై మించట్లేదు. ఎక్కడో రెండు ఫర్లాంగుల దూరంలో సైకిల్ కనిపిస్తే ఇక్కడే గేరు తగ్గిస్తున్నాడు. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్ల వెనక పడితే ఓవర్‌టేక్ చెయ్యకుండా కంకిపాడు దాకా అలాగే వెనకే. పెద్దవాడైపోయాడు అనుకున్నాను. యాప్‌లో రేటు చెప్పినవాడికి మెసేజ్ పెట్టాలని కూడా అనుకున్నాను.

దారిలో ఆయన తన ఉద్యోగం కబుర్లు చెప్పాడు. నాన్న కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. కాలవ కట్టకి బుంగ పడితే ఏం చేస్తారో చెప్పాడు. కట్టకి అవతల, చేలవైపు ఊట కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాడు ఊట కనిపించిన చోట మట్టి బస్తాలు వేస్తాడు. నీళ్ళు ఇంకో చోట పైకొస్తాయి. అనుభవం ఉన్న లస్కరు కాలవలోకి దిగుతాడు. నీళ్ళవైపు కట్ట వాలు మీద కాలితో తడుముతాడు. ఎక్కడో ఒక చోట పీత బొరియంత కన్నం, నీళ్ళు కాలిని లోపలికి లాగుతున్నట్టు సన్నగా తెలుస్తుంది. మూయాల్సింది అది. "కంటికి కనపడదు రా. పాదానికే తెలుస్తుంది," అన్నాడు. కాసేపటికి, నాతో కాదు, అద్దంలోకి చూస్తూ, "ఇప్పుడు దిగితే తెలీదేమో," అన్నాడు.

నేను పట్టించుకోలేదు. నా మనసు ఇంకోచోట ఉంది. ఇదే పత్రికలో మూడేళ్ళ క్రితం ఒక నవల మీద రాస్తూ, చివరి వంద పేజీల్లో కథ జావగారిపోయిందని కాస్త కరుగ్గానే రాశాను. మొన్న మళ్ళీ చదివితే, లోపం చివరి వంద పేజీల్లో లేదు. మూడో అధ్యాయంలో ఒక పాత్ర చెప్పాల్సిన మాట చెప్పకుండా వెళ్ళిపోయింది. మిగతాదంతా ఊటే. ఆ రచయితకి ఉత్తరం రాయాలనుకుంటూ ఇంకా రాయలేదు.

*

జవహర్ ఆటోనగర్ ఆసియాలోకెల్లా పెద్ద ఆటోనగర్లలో ఒకటని బెజవాడవాళ్ళు చెప్పుకుంటారు. కొలిచి చూడలేదుగానీ, లోపలికెళ్తే నమ్మబుద్ధేస్తుంది. ఒక వీధంతా లారీ బాడీలు కట్టేవాళ్ళు, ఒక వీధంతా రేడియేటర్లు, ఒక వీధిలో కమాన్ కట్టలు. మేం వెళ్ళిన షాపు ముందు "డైనమో, సెల్ఫ్ రిపేర్లు" అని బోర్డు. మేస్త్రికి అరవై దగ్గరుంటాయి. నా సిద్ధాంతమంతా ఓపిగ్గా విన్నాడు. గ్లాసుల పరీక్ష సంగతి చెప్పినప్పుడు మాత్రం "మంచి పని చేశారు బాబూ" అన్నాడు. తర్వాత పంపు మూతికి గేజు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేశాడు. ముల్లు చకచకా ఎక్కి 680 మిల్లీమీటర్ల దగ్గర నిలబడింది.

"పంపు బంగారంలా ఉంది," అన్నాడు.

డైనమో వెనక వేలు పెట్టి చూశాడు. పొడి. అంటే ఇరుసు దగ్గర సీలు మంచిదే, లేకపోతే డైనమో లోపలంతా ఆయిల్ తడిసేది. లావు పైపు విప్పి ఊదాడు. ఎక్కడా పూడలేదు. నా సిద్ధాంతం అక్కడితో అయిపోయింది. నేను తెల్లమొహం వేసుకుని నిలబడితే, ఆయన నాతో కాదు, నాన్నతో మాట్లాడ్డం మొదలెట్టాడు.

"రోజుకి ఎన్నిసార్లు ఆపుతారండీ?"

"ఏంటి, బండా?"

"ఇంజను."

నాన్న లెక్కపెట్టుకున్నాడు. పాలకేంద్రం దగ్గర, టీ కొట్టు దగ్గర, గుడి దగ్గర, ఎవరైనా ఎదురుపడితే మాట్లాడ్డానికి. డీజిల్ దండగని ఎక్కడ నిలబడ్డా ఇంజన్ కట్టేస్తాడు. "పది, పన్నెండు," అన్నాడు. మేస్త్రి తల ఊపాడు. అందరూ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడుగుతారు. ఎన్నిసార్లు ఆగిందని అడిగినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.

గేజు తీసి గొట్టం మళ్ళీ తగిలించాడు. ఇంజన్ రెండు నిమిషాలు తిప్పి ఆపేశాడు. "టీ తాగొద్దాం," అన్నాడు. అయిదు నిమిషాలు. తిరిగొచ్చాక, "బాబూ, మీరెక్కి స్టార్ట్ చెయ్యకుండా బ్రేకు తొక్కండి," అన్నాడు. బూస్టర్ సరిగ్గా ఉంటే ఇంజన్ ఆపాక కూడా రెండు మూడు తొక్కులకి సరిపడా శూన్యం అందులో నిలవ ఉంటుంది. మొదటి తొక్కు మెత్తగా దిగాలి. నేను తొక్కాను. గోడని తన్నినట్టుంది. "అలాగే తొక్కి పట్టుకుని స్టార్ట్ చెయ్యండి." ఇంజన్ అందుకోగానే పెడల్ కాలికింద కొంచెం కిందకి జారాలి. అది కదిలీ కదలనట్టు కదిలింది. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని వీపు సీటుకి ఆనించి తొక్కితేగానీ దిగలేదు.

"అబ్బా, ఇంత గట్టిగా ఉందేంటి!" అన్నాను.

నాన్న కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. వంగి లోపలికి చూశాడు.

"నీక్కూడా గట్టిగానే ఉందా?"

ఆ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చెప్పడానికేముంది, గట్టిగానే ఉంది. కానీ ఆయన అడిగిన తీరు చూశాక ఎనిమిది నెలలు ఒక్కసారిగా వెనక్కి తిరిగి కనిపించాయి. కిందటి వేసవి నుంచి పెడల్ గట్టిపడుతోంది. ఒక్కరోజులో కాదు, రోజుకి కాస్త. నాన్న దాన్ని పెడల్ గట్టిపడటంగా కాక, తన కాలు మెత్తబడటంగా లెక్కేసుకున్నాడు. షుగర్ పదిహేనేళ్ళుగా ఉంది. పాదాల్లో తిమ్మిరి అప్పుడప్పుడూ వస్తుంది. డాక్టర్ ఎప్పుడో "నరాలు దెబ్బతింటాయి, జాగ్రత్త" అన్నాడు. అంతా సరిపోయింది. మెకానిక్‌తో "బాగానే ఉంది" అన్నది అందుకే. కారు బాగానే ఉంది, బాగోలేనిది తను. పొద్దున్నే డాబా మీద ఆయన కాలివేళ్ళ మీద లేస్తూ దిగుతూ ఉంటే అమ్మ యోగా అనుకుంది. బెజవాడ ప్రయాణాలు మానుకున్నాడు, డీజిల్ రేటు పెరిగిందన్నాడు. రాత్రిళ్ళు కారు తియ్యడం మానేశాడు, కళ్ళజోడు మార్చాలన్నాడు. మేం అన్నీ నమ్మాం. బాబాయ్, నేను, అమ్మ, అందరం ఒకటే అనుకున్నాం. ఆయనా అదే అనుకున్నాడు. అందరూ ఒకే మాట మీద ఉంటే ఇంక పరీక్షించి చూసేదెవరు?

ఈ ఎనిమిది నెలల్లో ఇంకెవరైనా ఆ సీట్లో కూర్చుని ఒక్కసారి తొక్కి ఉంటే చాలు. దసరాకి నేను వచ్చాను. ఫోటోలు తీసుకున్నాను.

"గట్టిగానే ఉంది నాన్నా," అన్నాను. "చాలా గట్టిగా ఉంది."

ఆయన ఏమీ అనలేదు. చెప్పు విడిచి, కుడికాలు కారు గడప మీద ఆనించి, బొటనవేలు ఆడించి చూసుకున్నాడు.

*

మిగతాది మేస్త్రి పావుగంటలో తేల్చేశాడు. తాపీమేస్త్రీలు వాడే మందపాటి లెవెల్ పైపు ముక్క ఒకటి తెచ్చి, గొట్టానికీ బూస్టర్‌కీ మధ్య బిగించాడు. లోపలేం జరుగుతోందో కనపడాలి కదా. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పైపులో ఏమీ లేదు, ఖాళీ. "ఇది చూసే అందరూ బాగుందనుకుంటారు," అన్నాడు. తర్వాత కీ తిప్పి ఆపేశాడు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోగా పైపులోకి నల్లటి ధార ఒకటి వచ్చి, వంపు ఎక్కి, బూస్టర్ వైపు పాకింది. పెద్ద ధారేం కాదు. చెంచాడు ఉంటుందేమో. అలా రోజుకి పన్నెండుసార్లు.

గొట్టం పంపు వైపు చివర కొంచెం ఉబ్బినట్టుండే చోట, లోపల, ఒక నాన్-రిటర్న్ వాల్వు ఉంటుంది. వేలి కణుపంత ప్లాస్టిక్ ముక్క. గాలిని బూస్టర్ నుంచి పంపు వైపు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఇంజన్ ఆగిన క్షణాన బూస్టర్‌లో శూన్యం నిలవ ఉంటుంది, పంపులో ఆయిల్ నిలవ ఉంటుంది. మధ్యలో తలుపు మూసుకోకపోతే శూన్యం ఊరుకోదు. సంపు వైపునుంచి పంపు గుండా గాలిని లాక్కుంటుంది, గాలితో పాటు ఆయిల్‌నీ. అందుకే ఇంజన్ నడుస్తున్నప్పుడు ఎన్ని గేజులు పెట్టినా దొరకదు. అది ఆపాక జరిగే పని. ఆయిల్ చేరిన బూస్టర్‌లో రబ్బరు ఉబ్బుతుంది, వాల్వులు జిడ్డు పట్టి అతుక్కుంటాయి, గొట్టం మెత్తబడి లోపలికి నొక్కుకుపోతుంది. పెడల్ రాయవుతుంది. "బూస్టర్ ఒక్కటే కొత్తది వేసి పంపేస్తే మూడు నెలలకి మళ్ళీ వస్తారు," అన్నాడు మేస్త్రి.

నేను దీన్ని సాఫ్ట్‌వేర్‌లోకి తర్జుమా చేసుకునే పనిలో ఉండగానే నాన్న అందుకున్నాడు. "అవుట్‌ఫాల్ స్లూయిజే కదా ఇది! షట్టర్ పడట్లేదు. పోటుకి ఎదురెక్కుతోంది."

నాన్న సర్వీసులో ఆరేళ్ళు దివిసీమలో, కోడూరు, నాగాయలంక వైపు గడిచాయి. అక్కడ మురుగు కాలవలు సముద్రం వైపు కలిసేచోట స్లూయిజ్‌లకి తలుపులు వేలాడుతుంటాయి. ఆటు సమయంలో లోపలి నీళ్ళు వాటిని తోసుకుని బయటికి పోతాయి. పోటు వచ్చి ఉప్పునీళ్ళు నెడితే తలుపు దానంతటదే వచ్చి మూసుకుంటుంది. గుర్రపుడెక్క చుట్టుకునో, దుంగ అడ్డంపడో అది పూర్తిగా మూసుకోలేదనుకోండి, ఉప్పునీరు డ్రైన్లో ఎదురెక్కి చేలల్లోకి వస్తుంది. పగలు చూస్తే మురుగు చక్కగా పోతుంటుంది. చేను మాత్రం తెల్లబడుతుంటుంది. "పోటు వేళకి వెళ్ళి నిలబడి చూస్తేగానీ తెలీదు. అర్ధరాత్రైనా సరే," అని మేస్త్రికి చెప్పాడు నాన్న. ఆయన గేర్‌బాక్స్ విప్పుతున్న కుర్రాణ్ణి కూడా పిలిచి వినమన్నాడు.

కొత్త గొట్టం, వాల్వు, బూస్టర్ మార్చేసరికి మధ్యాహ్నం మూడైంది. బూస్టర్ నాలుగు వేలు. అసలు తప్పు చేసిన వాల్వు రెండు వందల లోపు.

ఆటోనగర్ గేటు దగ్గర ఆటో ఒకటి అడ్డమొస్తే నాన్న బ్రేకు తొక్కాడు, ఎనిమిది నెలలుగా తొక్కుతున్నట్టే, ఒంట్లో బలమంతా పెట్టి. కారు నాలుగు చక్రాలూ బిగదీసుకుని నిలబడిపోయింది. సీటుబెల్టు లేకపోతే నా తల డాష్‌బోర్డుకి తగిలేది. వెనక బైకువాడు మమ్మల్నేదో అన్నాడు, నాకు సరిగ్గా వినపళ్ళేదు. నాన్న నవ్వాడు. ఆ తర్వాత పెనమలూరు దాకా కాలుని తమలపాకులా ఆనించడం నేర్చుకుంటూ నడిపాడు.

కారు సంగతి తేలిందిగానీ, కాలు సంగతి తేల్చకుండా వదిలెయ్యడానికి నాకు మనసొప్పలేదు. తర్వాతి వారం డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళాను. కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంలాంటిదాన్ని పాదం కింద ఒక్కోచోట ఆనించి "తెలుస్తోందా?" అని అడుగుతూ వెళ్ళారు. కుడికాలి రెండు వేళ్ళ దగ్గర నాన్న ఏమీ అనలేదు. మిగతా అన్నిచోట్లా చెప్పాడు. ఇప్పటికి డ్రైవింగ్ మానక్కర్లేదు, షుగర్ అదుపులో పెట్టుకోండి, ఆర్నెల్లకోసారి రండి, రోజూ పాదాలు చూసుకోండి అన్నారు. నాన్న శ్రద్ధగా విన్నాడు. రాత్రి ప్రయాణాలు మానేస్తానని ఆయనే అన్నాడు, ఈసారి కళ్ళజోడు ప్రస్తావన లేకుండా. యాప్‌లో ప్రకటన నేను బస్సులో ఉండగానే తీసేశాను. ఆ విషయం ఆయనకి ఇప్పటికీ తెలీదు. ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది.

నేను హైదరాబాద్ వచ్చేసే రోజు పొద్దున్న నాన్న వాకిట్లో బాబాయ్‌ని కూర్చోబెట్టుకుని చొక్కా జేబులోంచి పాత వాల్వు తీశాడు. మేస్త్రి దగ్గర అడిగి తెచ్చుకున్నాడట. దాని మీద చిన్న బాణం గుర్తుంది. కిరసనాయిలుతో కడిగి, ఎండబెట్టి, తుడిచి ఉంచాడు. "బాణం వైపు ఊదు," అన్నాడు. బాబాయ్ ఊదాడు. గాలి పోయింది.

"ఇప్పుడు తిరగేసి ఊదు."

బాబాయ్ తిరగేసి, కళ్ళు మూసుకుని, బుగ్గలు పూరించి ఊదాడు.

"ఇటూ పోతోందన్నయ్యా," అన్నాడు.